గెలాక్సీ ఫొటోలో నెబ్యులాలు ఎక్కడున్నాయో పట్టుకోవడం ఎలా

నెబ్యులా అంటే గెలాక్సీలో ఉండే వాయువు, ధూళి మేఘం. ముందు ఎం51 అనే గెలాక్సీ ఫొటో ఒకటి తెరవండి. వర్ల్‌పూల్ గెలాక్సీ అని వెతికితే హబుల్ టెలిస్కోప్ తీసినది దొరుకుతుంది. మామూలు కాంతిలో తీసిందే కావాలి, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు వద్దు, వాటి రంగుల లెక్క వేరు. పెద్ద స్క్రీన్ మీద చూస్తే మంచిది, మనం వెతికేవి జూమ్ చేస్తే కానీ కనబడవు.

గెలాక్సీ మధ్య నుంచి సుడి తిరుగుతూ బయటికి సాగే పట్టీలను చేతులంటారు. ఒక చేయి పట్టుకుని దాని లోపలి అంచు నుంచి బయటికి మెల్లగా రండి. మొదట నల్లటి ధూళి చార తగులుతుంది, దాన్ని ఆనుకునే గులాబీ రంగు బొట్లు, ఇంకొంచెం బయటికి నీలం చుక్కల గుంపులు. ఆ గులాబీ బొట్లే నెబ్యులాలు. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. అవి చేతుల్లోనే ఎందుకుంటాయంటే, టోల్‌గేట్ దగ్గర బండ్లు మారుతున్నా రద్దీ అక్కడే ఉన్నట్టు, వాయువు చేతిలోకి వస్తూ పోతూ ఉంటుంది, వచ్చినప్పుడు నొక్కుకుపోయి నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా బరువైనవి కొన్ని మిలియన్ల ఏళ్లలోనే పేలిపోతాయి కాబట్టి పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోలేవు.

ఇది పట్టుబడితే గెలాక్సీ రకం గుర్తుపట్టడం సగం అయిపోయినట్టే. ఎడ్విన్ హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త (టెలిస్కోప్‌కి ఆయన పేరే పెట్టారు) 1926లో చేసిన విభజనే ఇప్పటికీ వాడుతున్నాం: సుడి చేతులున్న స్పైరల్, మధ్యలో కడ్డీ ఉన్న స్పైరల్ (మన పాలపుంత ఇదే), గుండ్రంగానో గుడ్డులానో ఉండే ఎలిప్టికల్, ఏ ఆకారమూ లేని ఇర్రెగ్యులర్. స్పైరల్ పక్క నుంచి కనిపిస్తే చేతులు తెలియవు, అప్పుడు ఎన్‌జీసీ 891 అనే గెలాక్సీలో లాగా మధ్యన పొడవునా నల్ల గీత ఉందేమో చూడండి. పల్చటి పళ్లెంలా ఉండి చేతులు లేకపోతే అది లెంటిక్యులర్, దాని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

ఎం87 లాంటి ఎలిప్టికల్‌లో గులాబీ బొట్ల కోసం వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. నక్షత్రాలు పుట్టడానికి కావాల్సిన చల్లటి వాయువు దాదాపు అయిపోయింది, మిగిలినవి పాత పసుపు నక్షత్రాలు. అలాగని నెబ్యులాలే ఉండవని కాదు. సూర్యుడి లాంటి నక్షత్రాలు చనిపోతూ వదిలే ప్లానెటరీ నెబ్యులాలు అక్కడా ఉంటాయి (పేరులో గ్రహం ఉన్నా గ్రహాలతో ఏ సంబంధమూ లేదు), కానీ అంత దూరం నుంచి మామూలు ఫొటోలో వాటిని పట్టుకోలేం.

ఇక సెంటారస్ ఎ అనే గెలాక్సీ చూస్తే ఈ రూల్ తిరగబడిందనిపిస్తుంది. గుండ్రటి ఎలిప్టికల్ నడుమన దట్టమైన ధూళి పట్టీ, దాని అంచున గులాబీ బొట్లు! వాయువు బాగా ఉన్న ఇంకో గెలాక్సీని అది మింగేసిన గుర్తు అది. అందుకే ఆకారం కంటే ముందు ధూళి, వాయువు ఎక్కడున్నాయో చూడమంటాను.

ఇర్రెగ్యులర్‌లో మాత్రం నెబ్యులా ఎక్కడైనా ఉండొచ్చు. సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలోని లార్జ్ మెజెలానిక్ క్లౌడ్ అనే గెలాక్సీలో టరాంటులా నెబ్యులా ఒక పక్కన ఉంటుంది. అది మన పాలపుంతలోనే ఉన్న ఓరియన్ నెబ్యులా అంత దగ్గర ఉంటే రాత్రి పూట దాని వెలుగుకి మన నీడ పడేదట.

ఓరియన్ నెబ్యులాను మాత్రం మీరే చూడొచ్చు. జనవరిలో రాత్రి తొమ్మిది దాటాక ఊరి లైట్లకు దూరంగా వెళ్లి, ఓరియన్ అనే నక్షత్రాల గుంపు నడుము దగ్గరి మూడు చుక్కల కింద బైనాక్యులర్స్ పెట్టండి. 1,350 కాంతి సంవత్సరాల దూరం. గులాబీ రంగు కోసం చూడకండి, అంత మసక వెలుతురులో మన కంటికి రంగు సరిగా తెలియదు కాబట్టి బూడిద రంగు మసకలాగే కనిపిస్తుంది. చేయి బాగా తిరిగాక 2007లో మొదలైన గెలాక్సీ జూ అనే ఆన్‌లైన్ ప్రాజెక్టులో చేరండి. అసలు టెలిస్కోప్ ఫొటోలే ఇచ్చి ఇది ఏ రకమో చెప్పమంటారు, డిగ్రీలు అడగరు, డబ్బూ అడగరు.