నాట్లు పడ్డాయంటే బర్రెలున్న ఇంటికి గండం: యూరియా జాగ్రత్తలు

మొన్న మిర్యాలగూడ దిక్కు ఒక ఊళ్లో, పొలంలో చల్లగా మిగిలిన యూరియా బకెట్‌ను కడిగి ఆ నీళ్లు కుడితి గోలెంలో పోశారు. పూటకు నాలుగు లీటర్లిచ్చే బర్రె. తాగిన గంటలోపే వణుకుతూ, నురగ కక్కుతూ పడిపోయింది. "ఎవడో మందు పెట్టిండు" అని వాడకట్టంతా ఒకరినొకరు అనుమానించుకున్నారు. ఎవడూ పెట్టలేదు. గోలెమే పెట్టింది.

ఏళ్లుగా చూస్తున్నాను, మన జిల్లాలో బర్రెలను ముంచే పెద్ద తప్పు ఇదే: యూరియా నీళ్లలో కలిసి కడుపులోకి పోవడం. "దాణాలో యూరియా కలుపుతారు కదా, ఇదెట్లా విషం?" అని అడుగుతారు. కలుపుతారు, నిజమే. నెమరేసే పశువు మొదటి కడుపులో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. మనం పెట్టే పల్లి చెక్కలోని మాంసకృత్తులను చాలావరకు అవే విరిచి అమ్మోనియా చేస్తాయి, ఆ అమ్మోనియాతో తమ ఒళ్లు కట్టుకుంటాయి. తర్వాత అవి కిందికి జారి నాలుగో కడుపులో, చిన్నపేగులో అరుగుతాయి. బర్రెకు అందే మాంసకృత్తుల్లో సగానికి పైగా ఈ సూక్ష్మజీవులవే. యూరియా కూడా అదే దారిన పోతుంది. కానీ నిమిషాల్లో విరుగుతుంది. తౌడో, జొన్నపిండో, బెల్లం మడ్డో తోడుంటేనే సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను వాడుకోగలవు. వట్టి వరిగడ్డి తిని ఆకలి మీదున్న బర్రె యూరియా నీళ్లు తాగితే అమ్మోనియా నేరుగా నెత్తురులోకి ఎక్కుతుంది, కాలేయం ఆపలేదు.

అందుకే మళ్లీ చెబుతున్నా, తాగే నీళ్లలో యూరియా వద్దు.

వరిగడ్డిని యూరియాతో మాగబెట్టేవాళ్లకు లెక్క: నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లు. గాలి చొరకుండా మూడు వారాలు కప్పాలి. తీశాక గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టొద్దు, వాటి కడుపు ఇంకా తయారు కాలేదు. ఇంట్లో కలిపే దాణాలో నూటికి ఒక కిలో దాటొద్దు, అది కూడా పొడిగా, గడ్డలు లేకుండా. పచ్చి సోయా గింజలతో కలిపి అసలే పెట్టొద్దు. యూరియాను విరిచే గుణం వాటిలోనే ఉంది.

ఇంకోటి, నూనె. డెయిరీలో వెన్న శాతం తక్కువొచ్చిందని పల్లినూనె తాగించేవాళ్లున్నారు. నూనె గడ్డి పీచుకు పూత పడుతుంది, పీచును అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి, వెన్న ఇంకా పడిపోతుంది. మొత్తం మేతలో కొవ్వు ఎండు బరువు మీద నూటికి ఆరేడు పాళ్లు దాటకూడదు. బైపాస్ ఫ్యాట్ వేరు, అది కాల్షియంతో కట్టిన కొవ్వు, మొదటి కడుపులో కరగకుండా కిందికి పోయి అరుగుతుంది. అయినా దాన్ని అడిగేముందు మేత సరిచేయండి.

ఖాళీ యూరియా సంచిలో గడ్డి మోయొద్దు. ఆ సంచిలో తౌడు పోయొద్దు. ఎరువు బకెట్, కుడితి బకెట్ వేర్వేరుగా ఉండాలి, రంగు కూడా వేరేది కొనండి. లైన్‌లో నిలబడి తెచ్చిన బస్తాలను కొట్టంలో పెట్టొద్దు, బర్రె ఉప్పనుకొని నాకుతుంది. చల్లిన మడి నీళ్లు ఆ రెండు మూడు రోజులు తాగనివ్వొద్దు. బూజు పట్టిన పల్లి చెక్కను ఎండబెట్టి కూడా వేయొద్దు, ఆ బూజు విషం ఎండకు పూర్తిగా పోదు, పాలల్లోకి వస్తుంది.

వణుకు, పండ్లు కొరకడం, నురగ, కడుపుబ్బు కనబడితే ముందు పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి. నిలబడి మింగగలిగే బర్రెకైతే డాక్టర్‌ను అడుగుతూ చల్లటి నీళ్లు, వెనిగర్ కలిపి తాగించండి. పులుపు అమ్మోనియాను కట్టేస్తుంది, చల్లదనం యూరియా విరగడాన్ని తగ్గిస్తుంది. పెద్ద బర్రెకు వెనిగర్ రెండు లీటర్లకు తక్కువైతే పనికిరాదు. ఫాస్ట్‌ఫుడ్ బండి మీదుండేదే, ఇప్పుడే ఆ రెండు లీటర్లకు తగ్గకుండా సీసాలు కొని అటక మీద పెట్టుకోండి. పడిపోయిన బర్రె నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె పోయొద్దు. మజ్జిగ పోస్తూ గంట పోగొట్టొద్దు. చచ్చిన బర్రె తాగిన గోలెంలో ఇంకో బర్రెకు నీళ్లు పెట్టొద్దు, ముందు ఒంపి కడగండి. కడిగిన నీళ్లు మాత్రం కొట్టానికి దూరంగా పారబోయండి.