అన్సిబుల్ లూప్‌లో ఫైళ్లు చదివేటప్పుడు వచ్చే చిక్కులు

అన్సిబుల్ అంటే సర్వర్లలో చేయాల్సిన పనులను ఆటోమేట్ చేసే సాధనం, ఆ పనులను రాసిపెట్టే ఫైలే ప్లేబుక్. సర్వర్లలో అందరూ వాడే ఒకే ఖాతాకు ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీలు (పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కావడానికి వాడేవి) ఎక్కించే ప్లేబుక్‌నే తీసుకుందాం. ఒక్కొక్కరికీ ఒక్కో కీ ఫైలు ఉంటుంది. వాటిమీద లూప్ తిప్పి, అంటే ఒక్కో ఫైలుకూ అదే పని మళ్లీ చేయించి, ఆథరైజ్డ్ కీ మాడ్యూల్‌కు (సర్వర్‌లో అనుమతి ఉన్న కీల ఫైలును మార్చేది) అందించాలి.

సమస్య: ఫైలు సర్వర్‌లో ఉన్నా, దొరకలేదని ఎర్రర్ వస్తుంది.
కారణం: ఫైల్ లుకప్ (ఫైలులోని విషయాన్ని చదివి ఇచ్చేది) ప్లేబుక్ నడిపే యంత్రంలోనే వెతుకుతుంది, అవతలి సర్వర్ వైపు చూడదు. అదే పేరుతో మన దగ్గర కూడా ఫైలు ఉంటే మరీ ప్రమాదం. ఎర్రరేమీ రాకుండా మన ఫైలే చదివేస్తుంది.
పరిష్కారం: సర్వర్‌లోని ఫైలును స్లర్ప్ మాడ్యూల్‌తో చదవాలి. అది బేస్64 అనే సంకేత రూపంలో ఇస్తుంది కాబట్టి డీకోడ్ ఫిల్టర్ తప్పనిసరి.

సమస్య: లూప్‌కు జాబితా కావాలంటూ ఎర్రర్ వస్తుంది.
కారణం: ఫైల్‌గ్లాబ్ లుకప్ (ఒక నమూనాకు సరిపోయే ఫైళ్లను వెతికేది) పేర్లన్నిటినీ కామాలతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా ఇస్తుంది.
పరిష్కారం: లుకప్ అన్నచోట క్వెరీ అని రాస్తే చాలు. వచ్చేవి ఫైళ్ల దారులే, లోపలి విషయం కాదు. దానికి ఫైల్ లుకప్ విడిగా వాడాలి.

సమస్య: ఎర్రర్ ఒక్కటీ లేదు, కానీ జాబితాలో చివరి వ్యక్తి తప్ప ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారు.
అన్నిటిలోకీ ఇదే మొండిది. ప్లేబుక్‌ను ఎన్నిసార్లు నడిపినా ప్రతి కీ దగ్గరా 'మారింది' అనే చూపిస్తుంటే అనుమానించాల్సిందే.
కారణం: పాత కీలు పోవాలని పెట్టిన ఎక్స్‌క్లూజివ్ ఎంపిక. తాను లూప్‌లో ఉన్నానని దానికి తెలియదు. ప్రతి చుట్టులోనూ మిగతా కీలన్నీ తుడిచి, చేతిలో ఉన్న ఒక్కదాన్నే ఉంచుతుంది. మీ కీ కూడా పోయినా పని మధ్యలో ఆగకపోవచ్చు. అన్సిబుల్ ముందే తెరిచిన కనెక్షన్‌ను మళ్లీ వాడుకుంటుంది, పనిలేకపోయినా దాన్ని మామూలుగా 60 సెకన్లు ఉంచుతుంది. అసలు సంగతి తర్వాతి లాగిన్‌లో బయటపడుతుంది.
పరిష్కారం: టాస్క్ మీది లూప్ తీసేసి, కీలన్నీ ఒకే స్ట్రింగ్‌గా చేర్చి ఒక్కసారే ఇవ్వాలి. ఫైల్ లుకప్ చివరి న్యూలైన్‌ను కత్తిరిస్తుంది. కాబట్టి కీకీ మధ్య న్యూలైన్ మనమే పెట్టాలి, లేకపోతే రెండు కీలు ఒకే వరుసలో అతుక్కుపోతాయి. ముందుగా చెక్, డిఫ్ ఎంపికలతో (ఏదీ మార్చకుండా, మారబోయేది మాత్రం చూపించేవి) నడిపి, ఏ వరుసలు పోతున్నాయో చూడండి. అసలుగా నడిపేటప్పుడు మాత్రం ఇంకో టెర్మినల్‌లో సర్వర్ లాగిన్ తెరిచే ఉంచండి.