ఆగస్టులో అమెరికా వెళ్తున్న మన పిల్లలకు: క్యాంపస్ సహవాసంలో చుట్టాల్లా ఉండిపోకండి

ప్రతి జులైలోనూ మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ప్రార్థన ఉంటుంది. అమెరికా చదువుకు వెళ్ళే పిల్లల్ని ముందుకు పిలుస్తారు, పెద్దలు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, భీమవరం చుట్టుపక్కల ఇప్పుడిది మామూలు విషయమైపోయింది. అది అయ్యాక తల్లులు నా దగ్గరికొచ్చి అడిగేది ఒకటే: "అక్కడ చర్చి దొరుకుతుందా అమ్మా?"

దొరుకుతుంది. ఆ బెంగ అక్కర్లేదు. నాకున్న బెంగ వేరు. దొరికిన చోట మన పిల్లలు రెండేళ్ళూ చుట్టాల్లా వెళ్ళి, పెట్టింది తిని, చుట్టాల్లాగే వచ్చేస్తున్నారు. మొదటి ఏడాది నేను చేసిందీ అదే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 2016 ఆగస్టులో వెళ్ళాను. అమెరికా నడిమధ్యలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ, చుట్టూ మొక్కజొన్న చేలు. కాలువా కొబ్బరిచెట్టూ కనబడని రోజంటూ లేకుండా పెరిగిన నాకు ఆ నేల చాలా కాలం పరాయిగానే ఉంది. చదువు, తర్వాత ఉద్యోగం అయ్యాక తిరిగొచ్చేశాను. ఇప్పుడు నరసాపురంలో ఉంటున్నాను.

క్యాంపస్ మినిస్ట్రీ అంటే ఏమిటో ముందు చెప్తాను. యూనివర్సిటీలో విద్యార్థులు కలిసి ప్రార్థించుకుని బైబిలు చదువుకునే క్రైస్తవ సహవాసం అది. ఇక్కడి కాలేజీలో యు.ఇ.ఎస్.ఐ. ప్రార్థన కూటానికి వెళ్ళినవాళ్ళకు సగం తెలిసినట్టే. 1954లో మన దేశంలో మొదలైన ఆ విద్యార్థి సహవాసమూ, 1941లో అమెరికాలో మొదలైన ఇంటర్‌వర్సిటీ కూడా ఒకే అంతర్జాతీయ కుటుంబానికి చెందినవి. క్రూ అని ఇంకొకటి ఉంటుంది. 1951లో లాస్ ఏంజెలెస్‌లో క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్ అన్న పేరుతో మొదలైంది అదే. నావిగేటర్స్, కై ఆల్ఫా, బాప్టిస్టుల విద్యార్థి సంఘాలు కూడా చాలాచోట్ల ఉంటాయి. కేథలిక్కులకు న్యూమన్ సెంటర్లుంటాయి, అక్కడ పూజ కూడా జరుగుతుంది. మిగతావి మాత్రం చర్చికి బదులు కావు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, పాస్టరు గారి కాపుదల అన్నీ చర్చిలోనే. వారం మధ్యలో క్యాంపస్ సహవాసం, ఆదివారం చర్చి, రెండూ చూసుకోవాలి. చిన్న ఊళ్ళలో ఆదివారం బస్సులు తిరగకపోవచ్చు. "రైడ్ ఇస్తారా" అని అడగడానికి మొహమాటపడకండి, అక్కడ అది మామూలే.

ప్రభుత్వ యూనివర్సిటీలో బైబిలు స్టడీ పెట్టుకోనిస్తారా అని మా నాన్నగారు చాలాసార్లు అడిగారు. ఇస్తారు. 1981లో, కాన్సాస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: మిగతా విద్యార్థి సంఘాలకు గదులిచ్చే ప్రభుత్వ యూనివర్సిటీ, మతసంఘమని చెప్పి ఒకరికి మాత్రం ఇవ్వననకూడదు. కాబట్టి దొంగచాటుగా వెళ్ళక్కర్లేదు. బల్ల మీద బోర్డు పెట్టుకుని పిలుస్తారు.

ఆ బల్లలు పెట్టేది సెమిస్టర్ మొదలైన మొదటి రెండు వారాల్లోనే. ఆ పదిహేను రోజులూ వదులుకోవద్దు. అక్టోబరు వచ్చేసరికి అసైన్‌మెంట్లు మీద పడతాయి, అందరికీ స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి, అప్పుడు ఒక్కరే గదిలోకి అడుగుపెట్టడం కష్టం. జెట్ లాగ్ తీరకపోయినా సరే, మొదటి శుక్రవారమే వెళ్ళండి.

మొదటిరోజు మీకు వింతగా అనిపించేవి కొన్నుంటాయి. చెప్పులు బయట విడవరు. అమ్మాయిలు తలమీద ముసుగు వేసుకోరు, ఆడామగా కలిసే కూర్చుంటారు. మీరు ముసుగు వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. నేను వేసుకునేదాన్ని, ఒకమ్మాయి అర్థం అడిగితే చెప్పాను. అక్కడ పనిచేసే పెద్దాయన్ని "అయ్యగారూ" అనలేం, పేరు పెట్టి పిలవాలి. యాభై ఏళ్ళ మనిషిని "డేవిడ్" అనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మన దగ్గర అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తాం. అక్కడ గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు నెమ్మదిగా రెండు మూడు వాక్యాలు ప్రార్థిస్తారు. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని చూసి వీళ్ళలో ఆత్మ లేదనుకున్నాను. అలా అనుకోవడం తప్పని తర్వాత తెలిసింది. మీ వంతు వచ్చినప్పుడు తెలుగులోనే ప్రార్థించండి. ఇంగ్లీషు కోసం తడుముకుంటూ దేవుడితో మాట్లాడక్కర్లేదు. చివర ఆమెన్ అంటే అందరూ ఆమెన్ అంటారు.

బైబిలు స్టడీలో ఒక చిన్న ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను. మనం పుస్తకాల పేర్లు తెలుగులో నేర్చుకున్నాం. లీడరు "ఎక్సోడస్" అంటే అది నిర్గమకాండము. "ఎక్లీసియాస్టీస్" అంటే ప్రసంగి. "యాక్ట్స్" అపొస్తలుల కార్యములు. "జేమ్స్" అంటే మన యాకోబు పత్రిక, దీనికి మాత్రం పేరులో పోలికే కనబడదు. విమానంలో కూర్చుని అరవై ఆరూ ఒకసారి చూసుకోండి. తెలుగు బైబిలు తప్పకుండా సూట్‌కేసులో పెట్టుకోండి. ఫోనులో ఉందిలే అనుకోవద్దు. మీ అమ్మగారు గీతలు గీసిన పుస్తకం వేరు.

ఇంకో మాట. చాలాచోట్ల అమ్మాయిలే బైబిలు స్టడీ నడుపుతారు. మా నరసాపురం వైపు కొన్ని సహవాసాల్లో స్త్రీలు కూటంలో నోరు విప్పరు. మొదటిసారి మా గుంపు లీడరు అమ్మాయని తెలిసి నాకు టెన్షన్ వచ్చింది, ఇంట్లో చెప్పలేదు కూడా. మీ సంఘం నేర్పినదాన్ని వదిలెయ్యమని నేను చెప్పను. వాళ్ళు ఆ అభిప్రాయానికి ఎలా వచ్చారో అడగండి, వాక్యం తెరిచి మాట్లాడుకోండి. ఈ ఒక్క కారణంగా మానెయ్యడం మాత్రం నాకు సరైనదనిపించదు.

డబ్బు సంగతి తెలిస్తే వాళ్ళమీద మీకు గౌరవం పెరుగుతుంది. అక్కడ పూర్తికాలం పనిచేసే స్టాఫ్‌లో చాలామందికి జీతం పైనుంచి రాదు. స్నేహితుల దగ్గరా, చర్చిల దగ్గరా నెలనెలా ఇచ్చేవాళ్ళను తామే వెతుక్కోవాలి. అమెరికా సంస్థ అంటే డాలర్ల మూటలుంటాయని మన ఊళ్ళో అనుకుంటారు. నాకు పరుపు మోసుకొచ్చి ఇచ్చిన దంపతులకు ఆ నెల జీతం పూర్తిగా రాలేదని ఏడాది తర్వాత తెలిసింది. మిమ్మల్ని దశమభాగం ఎవరూ అడగరు. ఎడ్యుకేషన్ లోన్ మీద ఉన్నవాళ్ళు డబ్బు ఇవ్వలేకపోయామని కుంగిపోవద్దు, సమయం ఇవ్వండి.

ఇక్కడ కీబోర్డు, ప్యాడ్స్ వాయించే అబ్బాయిలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. తెలుగు చర్చివాళ్ళయినా అమెరికా చర్చివాళ్ళయినా మీ వాయిద్యం విని ముచ్చటపడి నెలకింత ఇస్తామంటారు. తీసుకోవద్దు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చెయ్యొచ్చు. బయట అనుమతి లేకుండా చేసే పని దేవుని పనైనా సరే, డబ్బు ముట్టిందంటే వీసాకే ఎసరు. ఇచ్చేవాళ్ళకు ఈ నిబంధన తెలియకపోవచ్చు. ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ఏడాది నాకు అన్నీ చేశారు. ఎయిర్‌పోర్టుకి వచ్చారు, పరుపు, బల్ల, దీపం ఇచ్చారు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టారు. నేను ప్రతి శుక్రవారం వెళ్ళి చివరి వరసలో కూర్చుని, తిని, థాంక్యూ చెప్పి వచ్చేసేదాన్ని. నా ఆరాధన మాత్రం ఫోనులో ఉండేది. మన ఊళ్ళో ఆదివారం పొద్దున పది గంటల ఆరాధన, వేసవిలో నేనున్న చోట శనివారం రాత్రి పదకొండున్నర. అది లైవ్‌లో చూసి ఏడ్చి పడుకుని, పొద్దున చర్చికి లేచేదాన్ని కాదు. మనిషి అక్కడ, ప్రాణం ఇక్కడ. చలికాలం వచ్చేసరికి ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయాను.

తర్వాతి ఆగస్టులో ఒక రాత్రి, మా క్యాంపస్ సహవాసంలో పూర్తికాలం పనిచేసే సిస్టర్ ఫోన్ చేసింది. కాకినాడ నుంచి ఒకమ్మాయి దిగుతోంది, నాతో ఎయిర్‌పోర్టుకి వస్తావా అని. వెళ్ళేముందు కుక్కర్‌లో అన్నం వండి, చారు పెట్టి, ఆవకాయ చిన్న డబ్బాలో వేసుకున్నాను. ఆ అమ్మాయి కారులో అంతసేపూ బిగుసుకుని కూర్చుంది. గదికి వచ్చి చారన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, అప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సిస్టర్ నావైపు చూసి, ఇన్నేళ్ళుగా మేం వీళ్ళకి పిజ్జా పెడుతున్నాం, మాకు తెలియలేదు అంది. ఆ సహవాసంలో నేను చెయ్యాల్సిన పని ఉందని ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత రైస్ కుక్కర్ నా బాధ్యతయింది, కొత్తవాళ్ళకు ఫోన్ సిమ్, బ్యాంకు ఖాతా చూపించడం నా బాధ్యతయింది, డిసెంబరులో క్యాంపస్ చుట్టూ మన కేరల్స్‌లాగా పాడుతూ తిప్పడం కూడా. రెండో ఏడాది నేను ఊరి లైవ్ చూడలేదని కాదు. చూసి పడుకుని, పొద్దున చర్చికీ లేచేదాన్ని.

తెలుగు సహవాసాలు చాలా నగరాల్లో ఉన్నాయి. వెళ్ళండి, మన పాటలు వినకపోతే గుండె ఎండిపోతుంది. కానీ అక్కడే ఉండిపోతే గోదావరి దాటనట్టే. మన ఊళ్ళో పేటకో చర్చి ఉండడం మనకు తెలుసు, ఎవరి చర్చి ఎవరిదో కూడా తెలుసు. అమెరికాలో కొందరు తెలుగువాళ్ళు మీ ఇంటిపేరు, ఊరు అడిగేది అది తెలుసుకోడానికే. నైజీరియా అబ్బాయి, కొరియా అమ్మాయి పక్కన మోకరించినప్పుడు ఆ ప్రశ్న ఉండదు. ఆ హాయి మీరు చవిచూడాలని నా కోరిక.

రూమ్మేట్లు హిందువులూ ముస్లిములూ ఉంటారు. ఫర్నిచర్ పంచే రోజుకి, పిక్నిక్‌కి వాళ్ళనీ తీసుకెళ్ళొచ్చు. అయితే ఇది క్రైస్తవ సంస్థ చేస్తోందని ముందే చెప్పండి. చెప్పకుండా తీసుకెళ్ళి పాటలు మొదలయ్యాక వాళ్ళ ముఖం చూడాల్సి రావడం మంచిది కాదు. వాళ్ళు పండక్కి పిలిస్తే వెళ్ళండి, మీరు తినేది తినండి.

ఫొటోల సంగతి. కూటాల్లో, ముఖ్యంగా బాప్తిస్మాల్లో, ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడతారు. మన పిల్లల్లో కొందరికి ఇంట్లో తెలియదు, కొందరికి కుల సర్టిఫికెట్ల చిక్కులుంటాయి. పెట్టొద్దని ముందే చెప్తే వాళ్ళు గౌరవిస్తారు. మీరూ పక్కవాళ్ళని అడక్కుండా పెట్టకండి.

అన్ని గుంపులూ మంచివి కావు. పరిచయమైన వారంలోనే మా దగ్గరే రక్షణ ఉంది అనేవాళ్ళు, అమ్మానాన్నలకు ఫోన్ తగ్గించమనేవాళ్ళు, ఏ చర్చివాళ్ళో సూటిగా చెప్పనివాళ్ళు, చదువు మానేసి పూర్తికాలం రమ్మనేవాళ్ళు కనబడితే ఆ గుంపుని వదిలెయ్యండి. విదేశీ విద్యార్థి ఒంటరిగా ఉంటాడని వాళ్ళకు తెలుసు.

ఒంటరితనం జనవరిలో మరీ ఎక్కువ. సాయంత్రం ఐదింటికే చీకటి, బయట మంచు. ప్రార్థన చెయ్యండి, దాంతోపాటు క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కీ వెళ్ళండి. అది విశ్వాసం తక్కువై వెళ్ళడం కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యండి, రాత్రీపగలూ ఎత్తుతారు.

చివరగా సూట్‌కేసు. మటన్, చికెన్ పచ్చళ్ళు తీసుకెళ్ళొద్దు, ఎయిర్‌పోర్టులో పారేయిస్తారు. పూతరేకులు దారిలో పొడైపోతాయి. మిమ్మల్ని ఇంటికి పిలిచేవాళ్ళకు ఇవ్వడానికి నరసాపురం లేసు పట్టుకెళ్ళండి. బరువుండదు, నలిగినా ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు ఇంగ్లండు నుంచి మన డెల్టాకి వచ్చినప్పుడు వాళ్ళూ భాష రాని కొత్తవాళ్ళే. ఆ తర్వాతి సంవత్సరాల్లో మిషనరీల ఇళ్ళ ఆడవాళ్ళు మన ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అల్లిన గుండ్రటి లేసు ఒకటి ఇప్పుడా మొక్కజొన్న చేల మధ్య ఇంట్లో భోజనాల బల్ల మీద ఉంది. కావాలంటే నరసాపురం దగ్గర సీతారాంపురం లేసు పార్కుకు వెళ్ళండి, లేదా మీ వీధిలోనే అల్లే పిన్ని ఎవరో ఉంటారు, ఆవిడ దగ్గర కొనండి. ఒక నెల ముందే చెప్పాలి, పెద్ద ముక్క అల్లడానికి టైం పడుతుంది.