కార్బొరేటర్ స్థానంలో ఇంజెక్షన్ కిట్ బిగించాక, మొదటి స్టార్ట్‌కు ముందు ఏమేం చూసుకోవాలి?

కార్బొరేటర్ ఉన్న ఇంజన్ మన పొరపాట్లను కొంతవరకు మన్నిస్తుంది. పంపు కాస్త బలహీనపడినా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా, చోక్ లాగి రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే ఏదో విధంగా అందుకుంటుంది. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలోనే ఇంజెక్టర్లు, ఈసీయూ (పెట్రోలు ఎంత పోయాలో లెక్కవేసే కంప్యూటరు) అమర్చి వచ్చే ఇంజెక్షన్ కిట్‌కు ఆ ఓర్పు లేదు. సెన్సర్లు ఏది చెబితే అదే నిజమని అది నమ్ముతుంది. పాలకొల్లు దగ్గర మా ఇంట్లో ఉన్న 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌కు ఇటువంటి కిట్ బిగించినప్పుడు, బిగింపు కంటే సెల్ఫ్ కొట్టే ముందు చేసిన పరీక్షలకే ఎక్కువ సమయం పట్టింది. పని మొదలుపెట్టక ముందే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఈ మార్పుకు అనుమతి కావాలేమో ఆర్టీవో కార్యాలయంలో అడగడం మంచిది.

మొదట చూడవలసింది పెట్రోలు వచ్చే దారి. పాత మెకానికల్ పంపు ఇచ్చే ప్రెజరు కొద్ది పీఎస్‌ఐ మాత్రమే కాగా, ఇంజెక్షన్‌కు కిట్‌ను బట్టి 43 లేదా 58 పీఎస్‌ఐ కావాలి. అందువల్ల పాత రబ్బరు పైపుల్లో ఒక్కటి కూడా మిగల్చకుండా తీసివేసి, ఇంజెక్షన్ ప్రెజరుకు తగిన హోస్‌ను, రబ్బరును కోయకుండా చుట్టూ సమానంగా బిగుసుకునే క్లిప్పులను వాడాలి. పంపుకు ముందు 100 మైక్రాన్ల ఫిల్టరు, పంపుకు తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టరు ఉండాలి. ఈ రెండూ తారుమారైతే పంపు పెట్రోలును లాగలేక వేడెక్కి చెడిపోతుంది.

డెల్టాలో ట్యాంకు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు మొదట లాగేది ఆ అడుగునున్నదాన్నే. వర్షాకాలమంతా చావిట్లో కదలకుండా నిలిచిన కారు ట్యాంకును పూర్తిగా దింపి, కడిగి, ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోశాకే పంపును కలపాలి. మా ట్యాంకు నుంచి కాఫీ పొడి లాంటి తుప్పు గుప్పెడు వచ్చింది.

రెండవది కరెంటు. కిట్‌కు సంబంధించిన మెయిన్ ప్లస్, ఎర్త్ వైర్లు రెండూ నేరుగా బ్యాటరీ టెర్మినళ్ళకే వెళ్ళాలి. దగ్గరలో ఉంది కదా అని ఫ్యూజు బాక్సు నుంచో, బాడీకి ఉన్న ఏదో ఒక బోల్టు నుంచో తీసుకోకూడదు. రొయ్యల చెరువుల మీదుగా వచ్చే ఉప్పు గాలికి ఆ బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. ఇంజన్ బ్లాకు నుంచి బ్యాటరీ మైనస్‌కు, బాడీకి వేరువేరుగా లావుపాటి ఎర్త్ పట్టీలు వేసి, అవి తగిలే చోట పెయింటును గీకి తీసివేయాలి.

నేను రెండు రోజులు పోగొట్టుకున్న సంగతి ఇక్కడే ఉంది. తాళం తిప్పినప్పుడు ఈసీయూను మేల్కొలిపే సన్నని వైరు ఒకటి ఉంటుంది. దానిని నేను హారన్, వైపర్ల లైనుకు కలిపాను. తాళం ఆన్‌లో పెట్టగానే కిట్ తెర వెలుగుతుంది, సెల్ఫ్ కొట్టగానే ఆరిపోతుంది. బ్యాటరీ మీద, పంపు మీద అనుమానపడి అన్నీ విప్పిన తరువాత తేలింది ఏమిటంటే, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఆ లైనుకు తాళం కరెంటు ఆపివేస్తోంది. ఆ వైరు తాళం ఆన్‌లోనూ, సెల్ఫ్‌లోనూ కూడా 12 వోల్టులు ఉండే చోటే కలపాలి. మల్టీమీటరు పెట్టి ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు చూస్తే అర నిమిషంలో తేలిపోయే విషయమిది. కోతల తరువాత ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి కనుక వైర్లన్నిటినీ గొట్టంలో వేయడం మరవకండి.

మూడవది, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్. పొగ గొట్టం మీద, ఇంజన్ నుంచి పొగ వచ్చే చోటికి 18 అంగుళాలకు తగ్గని దూరంలో, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండేలా దానిని బిగించాలి. కిందికి వాలితే పొగలోని నీటి చుక్కలు దానిమీద చేరి లోపలి పింగాణీ పగులుతుంది. ఇంజన్‌కు, సెన్సర్‌కు మధ్య ఎక్కడైనా పొగ లీకు ఉంటే బయటి గాలి లోపలికి చొరబడి, మిశ్రమం పలచగా (గాలికి తగిన పెట్రోలు లేకుండా) ఉందని సెన్సర్ తప్పు చెబుతుంది. ఈసీయూ దానిని నమ్మి అనవసరంగా పెట్రోలు పోస్తుంది. సెన్సర్ బిగించి వైరు కలపకుండా ఇంజన్ తిప్పితే అది మసి పట్టి పాడవుతుంది.

ఇప్పుడు ఇంజన్ తిప్పకుండా, తాళం ఆన్‌లో మాత్రమే పెట్టి సెట్టింగులు నింపాలి: సిలిండర్లు నాలుగు, ఇంజన్ 1.5 లీటర్లు, ఐడిలింగు 850 నుంచి 900 ఆర్‌పీఎం. ఇగ్నిషన్ పాత డిస్ట్రిబ్యూటరుదే అయితే కాయిల్ మైనస్ నుంచి ఆర్‌పీఎం సంకేతం తీసుకోవాలి. రాగి తీగ ఉన్న ప్లగ్ వైర్లు ఈసీయూను గందరగోళపరుస్తాయి కనుక రెసిస్టెన్సు ఉన్న వైర్లు, ప్లగ్గులే వాడాలి.

తరువాత తెరమీద అంకెలను ఒక్కొక్కటిగా చదవాలి. చల్లగా ఉన్న ఇంజన్‌కు కూలెంట్ వేడి, గాలి వేడి దాదాపు ఒకటే, అంటే ఆనాటి గాలి ఎంత ఉంటే అంత చూపాలి. యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ 0, పూర్తిగా తొక్కితే 100 రావాలి. పెడల్ పూర్తిగా తొక్కినా 80 దగ్గరే ఆగితే తప్పు సెన్సర్‌ది కాదు, కేబుల్‌ది. మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం) ప్రెజరు ఇక్కడ 100, 101 కిలోపాస్కళ్ళ మధ్య ఉండాలి, ఎందుకంటే మన నేల సముద్రమట్టానికి ఎంతో ఎత్తు లేదు. వాయుగుండం పట్టిన రోజున ఒక అంకె తగ్గినా కంగారు పడనక్కరలేదు. బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గితే ముందు చార్జి చేయండి.

తాళం ఆన్ చేసిన ప్రతిసారీ పంపు కొద్ది సెకన్లు తిరిగి ఆగుతుంది. నాలుగైదుసార్లు అలా తిప్పి, ప్రతి అతుకునూ టిష్యూ కాగితంతో తుడిచి, తడి తగులుతుందేమో చూడాలి. అగ్నిమాపక సిలిండరు అందుబాటులో ఉండాలి. బీడీ కాల్చే పొరుగువారిని మర్యాదగా అవతలికి పంపాలి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకూడదు. అంటుకున్న వెంటనే మిశ్రమం పలచగా అనిపించవచ్చు, ఎందుకంటే 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. సెన్సర్ వేడెక్కాక ఈసీయూ సరిచేసుకుంటుంది. చల్లని స్టార్ట్‌కు తడబడుతూ ఉంటే, ఆ సమయంలో పోసే పెట్రోలు సెట్టింగును కొద్దిగా పెంచండి. ఆయిల్ ప్రెజరు దీపం ఆరిందా, కూలెంట్ వేడి క్రమంగా పెరుగుతోందా గమనిస్తూ ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా ఐడిలింగులోనే ఉంచాలి. అప్పుడు ఆపి, చల్లారాక క్లిప్పులన్నిటినీ మరొక్కసారి బిగించి, మానిఫోల్డ్ నట్లనూ చూసుకొని, ఆ తరువాతే కాలువ గట్టు మీదికి తీయాలి.