వినియోగదారుల కేసు జిల్లా కమిషన్ నుంచి పైకి వెళ్లడం లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

జిల్లా వినియోగదారుల కమిషన్ తీర్పు నచ్చకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కేసులో బలం ఉన్నా, చాలా అప్పీళ్లు వాదనల దాకా రాకముందే గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

సమస్య: అప్పీలు వేశాం, నంబరు ఇవ్వకుండా వెనక్కి పంపారు

ముందు డిపాజిట్ కట్టారో లేదో చూసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించమని ఆదేశం వచ్చినవాళ్లు అందులో 50 శాతం జమ చేస్తేనే అప్పీలు తీసుకుంటారు. పాత 1986 చట్టంలో సగం లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది కడితే సరిపోయేది. ఆ లెక్క ఇంకా చాలామంది నోట నానుతోంది, నమ్మకండి. నాలుగు లక్షలు కట్టమని తీర్పు వస్తే ఇప్పుడు రెండు లక్షలు కట్టాల్సిందే. పరిహారం చాలలేదని ఫిర్యాదుదారే వెళ్తుంటే ఈ డిపాజిట్ అక్కర్లేదు.

రెండో కారణం గడువు. తీర్పు తేదీ నుంచి 45 రోజులు. కాపీ ఆలస్యంగా చేతికొచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు, తీర్పు తేదీ నుంచే లెక్కేసుకోండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాలి. "అనారోగ్యం వల్ల" అని ఒక్క ముక్క రాస్తే నిలబడదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎందుకు ఆలస్యమైందో ఆస్పత్రి కాగితాలు, కాపీ వచ్చిన కవరు లాంటి ఆధారాలతో చూపించాలి.

సమస్య: అప్పీలు నడుస్తుండగానే డబ్బు కట్టమని ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు) నోటీసు

అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు. స్టే పిటిషన్ కూడా అప్పీలుతో పాటే వేసి, మొదటి వాయిదాలోనే అడగండి. స్టే లేకుండా ఆదేశాన్ని పక్కన పెడితే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. టెన్షన్ పడాల్సింది ఇక్కడే.

సమస్య: మేం హాజరు కాలేదు, ఎక్స్‌పార్టీ (మా వాదన వినకుండానే) తీర్పు వచ్చింది

మళ్లీ అక్కడికే వెళ్లి రద్దు చేయమంటే కుదరదు. తన ఎక్స్‌పార్టీ తీర్పును రద్దు చేసుకునే అధికారం జిల్లా కమిషన్‌కు లేదని రాజీవ్ హితేంద్ర పాఠక్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు 30 రోజుల్లోగా అదే కమిషన్‌ను తీర్పు మళ్లీ చూడమని (రివ్యూ) అడగొచ్చు గానీ, అది రికార్డులో కంటికి కనిపించే పొరపాటు వరకే. కాబట్టి దారి అప్పీలే. నోటీసు సరిగా అందలేదని రుజువుంటే అదే ముందు పెట్టండి.

సమస్య: పరిహారం ఎక్కువ అడిగాం, అయినా రాష్ట్ర కమిషన్ తీసుకోలేదు

ఏ కమిషన్ అన్నది మీరు అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకో సేవకో చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. 60 వేల ఫ్రిజ్‌కు కోటి పరిహారం అడిగినా మెట్టు మారదు. జిల్లా కమిషన్‌లోనే వేయండి.

రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు ఓడితే జాతీయ కమిషన్ ఉంది. అక్కడ గడువు 30 రోజులే, పైగా ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే రెండో అప్పీలు వింటారు. మీడియేషన్‌లో (మధ్యవర్తి ద్వారా) రాజీపడి, దాని ప్రకారం జిల్లా కమిషన్ ఆదేశం ఇచ్చి ఉంటే మాత్రం అప్పీలే ఉండదు. సంతకం పెట్టే ముందే షరతులన్నీ చదువుకోండి.