మూతపడిన చర్చిని ఊరుమ్మడి మందిరంగా మార్చుకోవడం ఎలా

ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న చర్చి భవనాన్ని బాగుచేసి గ్రంథాలయంగానో, సభామందిరంగానో, సంగీతం నేర్పే చోటుగానో వాడుకోవాలని చుట్టుపక్కల వారు సంకల్పించినప్పుడు, మొదటి సమావేశంలో గోడలకు ఏ రంగు వేయాలి, లోపల ఏమేమి పెట్టాలి అన్న మాటలే ఎక్కువగా నడుస్తాయి. పైకప్పులోంచి నీరు ఎక్కడ దిగుతోందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. నిజానికి ముందు హక్కు, తరువాత నీరు, ఆ తరువాత గోడ, చిట్టచివరికి వాడుక అన్న వరుసలో పని సాగాలి. ఫలానా పనికే వాడాలని ముందుగా తీర్మానించుకుని భవనాన్ని దానికి లొంగదీయడం కన్న, ఆ భవనం ఏ పనికి ఒదుగుతుందో కనిపెట్టి దాన్నే ఎంచుకోవడం ఖర్చు దృష్ట్యానూ మన్నిక దృష్ట్యానూ మేలు.

హక్కు విషయంలో తెలుసుకోవలసినవి రెండు. స్థలమూ కట్టడమూ ఎవరి పేరున ఉన్నాయన్నది మొదటిది. భవనం ఒక ధర్మకర్తల మండలి పేరున, చుట్టూ ఉన్న సమాధుల స్థలం వేరొకరి పేరున ఉండడం అరుదేమీ కాదు కాబట్టి, పత్రాలను న్యాయవాదికి చూపించి, నమోదైన సంఘం పేరుతో దీర్ఘకాలిక లీజు గాని యాజమాన్యం గాని సంపాదించిన తరువాతే చందాలు వసూలు చేయాలి. అది వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే, మేకు కొట్టడానికైనా ముందు సంబంధిత శాఖ అనుమతి అవసరమవుతుంది.

రెండవది మతపరమైన విడుదల. కథోలిక చర్చి అయితే 1983 నాటి చర్చి ధర్మశాస్త్రంలోని 1222వ నిబంధన ప్రకారం, ఆ ప్రాంత బిషప్ గట్టి కారణం చూపి, యాజకుల సభ అభిప్రాయం విన్న తరువాతే భవనాన్ని లౌకికమైన, అయితే గౌరవానికి భంగం కలిగించని వాడుకకు వదిలిపెట్టగలరు. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. భవనాన్ని లౌకిక వాడుకకు మార్చినంత మాత్రాన బలిపీఠం తన ప్రతిష్ఠను కోల్పోదని 1238వ నిబంధన చెబుతుంది. కాబట్టి దాన్ని ఏం చేయాలో చర్చి పెద్దలతో ముందే మాట్లాడుకోవాలి. పుస్తకాలు పెట్టుకునే బల్లగా మార్చుకుందామనుకోవడం కుదరదు. అక్కడ పెళ్లాడినవారు, తమవారిని సాగనంపినవారు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటారు గనుక, పత్రం చేతికి వచ్చినా వారితో కూర్చుని మాట్లాడడం మానకూడదు. గోడల మీది స్మారక ఫలకాలను కదపబోమని ఆ రోజే మాట ఇస్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి.

ఇక నీరు. పాత చర్చిలో కనిపించే తెగుళ్లలో ఎక్కువ భాగం ఒకే కారణానికి చేరుతాయి. వాలు కప్పులు రెండు కలిసే లోయలో ఆకులు పేరుకుంటాయి, తూము మూసుకుపోతుంది, నిలిచిన నీరు గోడ తలలోకి దిగుతుంది, అక్కడ గోడలో నాటి ఉన్న దూలం కొన నానుతుంది. దూలం నడిమి భాగం చూడడానికి నిక్షేపంగా ఉన్నా గోడలోకి వెళ్లే కొన గుల్లబారి ఉండవచ్చు. ఒక సన్నని స్క్రూడ్రైవరు తీసుకుని ఆ కొన దగ్గర గట్టిగా గుచ్చి చూస్తే, మంచి చెక్క అయితే మొన గీత పెట్టి ఆగిపోతుంది. చెడిన చెక్క అయితే వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలకడగా ఉంటే బూజు జాతి తెగుళ్లు పాకే వీలుంటుంది కనుక, తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి సంఘం దగ్గర ఉండాలి. నిధులు కూడే వరకు శాశ్వత మరమ్మతు ఆగినా ఫరవాలేదు గాని, పెంకులు జారిన చోట టార్పాలిన్ కట్టడం, తూములు తోడడం, గోడ మొదట్లో ఎత్తు పెరిగిపోయిన మట్టిని లోపలి నేలమట్టం కన్న కిందికి తవ్వి తీయడం మొదటి నెలలోనే ముగియాలి.

గోడల్లో పగుళ్లు కనిపించగానే కంగారు పడవద్దు, పూడ్చనూ వద్దు. పగులుకు రెండు వైపులా చెరొక చిన్న స్టీలు మొల దిగగొట్టి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో నెలకొకసారి కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాసుకోవాలి. బంకమట్టి నేలలు ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతాయి కాబట్టి, ఏడాది పొడవునా కొలిస్తే గాని ఆ పగులు రుతువులతో తెరుచుకుని మూసుకునేదో, ఒకే దిశలో పెరుగుతూ పోయేదో తెలియదు. మొదటి రకంతో కలిసి బతకవచ్చు. రెండవ రకానికి పునాది చూడగలిగే స్ట్రక్చరల్ ఇంజినీరు కావాలి, అదీ పాత కట్టడాల మీద పనిచేసిన అనుభవం ఉన్న ఇంజినీరు కావాలి.

గోడ పని దగ్గర అన్నిటికన్న ఎక్కువగా జరిగే పొరపాటు సిమెంటు. పాత రాతిగోడ, ఇటుకగోడ సున్నంతో కట్టినవి. అవి వానకు కొంత తేమ పీల్చుకుని, ఎండకు ఆ తేమను రాళ్ల మధ్య సందుల్లోని సున్నం గుండా వదిలేస్తాయి. ఆ సందులను గట్టి సిమెంటుతో మూస్తే తేమ బయటికి వచ్చే దారి రాయి ఒక్కటే అవుతుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు రాతి ముఖం వెనుక స్ఫటికాలుగా పేరుకుని, పొరలు పొరలుగా రాలగొడతాయి. గోడలో కొన్నిచోట్ల సిమెంటు గీతలు గట్టున నిలిచి, వాటి మధ్య రాళ్లు లోపలికి అరిగిపోయి కనబడితే, జరిగినది ఇదే. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నట్టు, వేసిన సిమెంటును తీయబోతే రాతి అంచులు కూడా దానితో పాటే ఊడి వస్తాయి.

కాబట్టి గార రాయి కన్న మెత్తగా ఉండాలన్నదే సూత్రం. నాణ్యమైన సున్నపు ముద్ద ఒక పాలు, రకరకాల పరిమాణాల గింజలున్న గరుకు ఇసుక మూడు పాళ్లు అన్నది మామూలుగా మొదలుపెట్టే కొలత. పాత గార ముక్కను పరీక్ష చేయించి దానికి దగ్గరగా సవరించుకోవాలి. సందులో పొడిబారిన పాత గారను చేతి ఉలితో, సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు వరకు తీసి, దుమ్ము కడిగి, గోడను తడిపి, కొత్త గారను పలుచని వరుసల్లో కూరాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా రాయిలా మారుతుంది, ఆ మార్పుకు కొంచెం తేమ కావాలి. అందుకే తడి గోనెపట్టాలు వేలాడదీసి చాలా రోజులు ఎండ నుంచి కాపాడాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్న కిందికి పడిపోయే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. సున్నం పని చేతినిండా వచ్చిన మేస్త్రీ దొరకడం కష్టమే. దొరికితే సంఘంలోని ఇద్దరు ముగ్గురు యువకులను ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టడం, భవనానికి మరో యాభై ఏళ్ల పూచీ. సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం గనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనిదే ఎవరినీ ముట్టనివ్వరాదు.

ఎంత బాగుచేయాలన్న విషయంలో కూడా నిగ్రహం అవసరం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో చర్చిలను బాగుచేస్తున్నామనే పేరుతో పాత గారంతా గీకేసి, తమ ఊహ ప్రకారం కొత్త శిల్పాలు పెట్టేవారు. దానికి విసిగే విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించారు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం కూడా నిర్దేశిస్తుంది. విరిగిన అలంకారం అసలు ఎలా ఉండేదో ఫొటో గాని, జత ముక్క గాని లేకపోతే, ఆ చోటును సాదాగా ఉంచడమే మర్యాద.

రంగుటద్దాల కిటికీల జోలికి ఔత్సాహికులు వెళ్లకపోవడం మంచిది. సాధారణంగా అద్దం కన్న ముందు, ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలు అలసి ఉబ్బుతాయి. ఆ పని నిపుణులది. రాళ్ల దెబ్బ తగలకుండా బయట మరో అద్దం బిగించాలనుకుంటే, రెండింటి మధ్య గాలి ఆడే సందు వదలాలి. లేకపోతే లోపల చెమ్మపట్టి, కాపాడదామనుకున్నదే పాడవుతుంది.

ఇప్పుడు వాడుక గురించి ఆలోచించవచ్చు. ఎత్తయిన కప్పు, గట్టి గోడలు, రాతి నేల కలిసి మాటను మోగిస్తూనే ఉంటాయి. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, సగటున 10 మీటర్ల ఎత్తు ఉన్న హాలులో 2,880 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. చప్పట్లు కొడితే ఆ శబ్దం పూర్తిగా అణగడానికి 4 సెకన్లు పడుతోందనుకుందాం. శబ్దశాస్త్రవేత్త వాలెస్ సబైన్ ఇచ్చిన సూత్రం ప్రకారం 0.161ని ఘనపరిమాణంతో గుణించి ఆ కాలంతో భాగిస్తే, శబ్దాన్ని పీల్చే ఉపరితలం అక్కడ 116 చదరపు మీటర్లకు సమానమని తేలుతుంది. ఉపన్యాసం స్పష్టంగా వినబడేలా ఆ కాలాన్ని 1.5 సెకన్లకు దించాలంటే 309 చదరపు మీటర్లు కావాలి, అంటే ఇంకా 193 చేర్చాలి. 150 మంది కూర్చుంటే వారి దుస్తులే దాదాపు 65 నుంచి 70 వరకు అందిస్తాయి. మిగిలిన 125 ప్రాంతాన్ని దళసరి తెరలు, తివాచీలు, ఫెల్టు పలకలు పూడ్చాలి. అదే హాలులో బృందగానానికైతే ఆ 4 సెకన్లే అందం. కనుక గోడలకు శాశ్వతంగా పలకలు బిగించే బదులు, కావలసినప్పుడు లాగి, అక్కరలేనప్పుడు తీసేసే తెరలు పెట్టుకుంటే రెండు పనులూ నెరవేరుతాయి.

లోపల కొత్తగా పెట్టేది ఏదైనా గోడకు ఆనకుండా తనంతట తాను నిలబడాలి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరంలో పదమూడో శతాబ్దపు డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల దుకాణంగా మార్చినప్పుడు, అంతస్తులుగా లేచే ఉక్కు అలమారను పాత రాతి స్తంభాలను తాకకుండా నిలిపారు. రేపు అది అక్కరలేకపోతే విప్పి తీసేయవచ్చు, కింద చర్చి చర్చిలాగే ఉంటుంది. చిన్న ఊరి హాలుకైనా ఇదే పద్ధతి సరిపోతుంది.

మరుగుదొడ్లు, వంటగది ప్రధాన హాలులో కాక పక్క గదిలోనో, వెనుక చిన్న కట్టడంలోనో ఉంచాలి. మురుగు గొట్టం కోసం తవ్వేటప్పుడు నేల కింద సమాధులు బయటపడవచ్చు. అప్పుడు పని ఆపి అధికారులకూ చర్చి పెద్దలకూ తెలపాలి. గుమ్మం ముందు మూడు మెట్లు, మొత్తం 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, 1:12 వాలుతో చక్రాల కుర్చీ దారికి 5.4 మీటర్ల పొడవు కావాలి, దానికి చోటు ముందే చూసుకోవాలి. పాత తలుపులు చాలావరకు లోపలికి తెరుచుకుంటాయి. జనం తొక్కిసలాడే వేళ అది ప్రాణాంతకం కాబట్టి, కార్యక్రమం నడుస్తున్నంతసేపూ వాటిని బార్లా తెరిచి కట్టి ఉంచడమో, బయటికి తెరుచుకునే రెండవ దారి కల్పించడమో చేయాలి. గంటగోపురంలో పేరుకున్న పక్షి రెట్టను పొడిగా ఊడ్చవద్దు; మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపిన తరువాతే ఎత్తాలి. గంటను మోగించే ముందు దాన్ని మోసే చట్రాన్ని ఇంజినీరు చూడాలి.

అంతా పూర్తయ్యాకే తెరుద్దామనుకుంటే ఏళ్లు గడుస్తాయి, చందాదారుల ఉత్సాహం చల్లారుతుంది. కప్పు నీరు కారడం ఆగి, విద్యుత్ తీగలు కొత్తవి వేసి, పైనుంచి రాలే ప్రమాదం లేదని ఇంజినీరు లిఖితపూర్వకంగా చెప్పిన తరువాత, ఒక మూలను చదువుకునే గదిగా తెరవవచ్చు. ఇతర పనులు జరిగే చోటును పలకలతో అడ్డుకట్టి వేరుచేయాలి. గార పూర్తిగా ఆరకముందే ప్రారంభోత్సవం కోసం ప్లాస్టిక్ పెయింటు పులమడం మూణ్ణాళ్ల ముచ్చట. సున్నపు వెల్లే వేయాలి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చే రోజునే, పెద్ద వాన కురిసిన మరునాడు టార్చిలైటు పట్టుకుని కప్పు కింద తిరిగేది ఎవరో కూడా పేరుతో రాసుకోవాలి. ఆయన ప్రతి దూలం కొనా చూసి, తడి మరక కనబడితే దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేస్తారు. మరుసటి వానకు మరక ఆ గీత దాటితే నిచ్చెన వేసి తూము చూస్తారు.