టారో కార్డ్స్‌ని రాశులతో, గ్రహాలతో కలిపి చదవడం ఎలా

టారో, అంటే బొమ్మల కార్డ్స్ తీసి జోస్యం చదవడం, నేర్చుకుందామని మొదలుపెట్టి, 78 కార్డ్స్ అర్థాలూ బట్టీ పట్టలేక మధ్యలో వదిలేసేవాళ్ళు చాలామంది ఉంటారు. కానీ మీకు పన్నెండు రాశులు, ఏడు గ్రహాలు, ఏ రాశి ఏ తత్వం (అగ్ని, భూమి, వాయువు, జలం) అనేది కొద్దిగా తెలిస్తే మీ పని సగం అయిపోయినట్టే, ఎందుకంటే చాలా కార్డ్స్ వెనకాల ఒక గ్రహమో, ఒక రాశో, రెండూ కలిసో ఉంటాయి, అది తెలిసిందంటే కార్డు అర్థం గుర్తుపెట్టుకోవడం కాదు, మీకు మీరే రాబట్టుకోవచ్చు.

ముందు ఒక్క విషయం క్లియర్‌గా చెప్పేస్తా. ఈ లింకు టారో పుట్టినప్పటినుంచీ ఉన్నది కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి పేకాట ముక్కలు, అంతే. జోస్యానికి బాగా వాడటం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. ఇప్పుడు ఎక్కువమంది ఫాలో అయ్యే గ్రహాల టేబుల్ మాత్రం 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల సంఘం వాళ్ళు కూర్చింది. 1909లో వచ్చిన రైడర్ డెక్, అదే ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే బొమ్మల సెట్టు, దాన్ని తయారుచేసిన వెయిట్, బొమ్మలు వేసిన పమేలా కోల్మన్ స్మిత్ ఇద్దరూ ఆ సంఘంలో ఉన్నవాళ్ళే. అందుకే ఆ బొమ్మల్లో చాలాచోట్ల రాశి గుర్తులు దొరుకుతాయి. ఎంపరర్ కార్డు తీసి సింహాసనం చూడండి, నాలుగు పొట్టేలు తలలు ఉంటాయి, ఆ కార్డు మేషం కాబట్టి. ఎంప్రెస్ పక్కనున్న డాలు మీద శుక్రుడి గుర్తు ఉంటుంది.

ఇక మేజర్ ఆర్కానా, అంటే ఎంపరర్, ఎంప్రెస్ లాంటి పేర్లున్న పెద్ద కార్డ్స్. ఇవి 22. పన్నెండు రాశులు, ఏడు గ్రహాలు, మూడు తత్వాలు కలిపితే సరిగ్గా 22. భూతత్వం ఎక్కడ అంటారా, హీబ్రూలో ఉన్న 22 అక్షరాలని యూదుల పాత పద్ధతిలో మూడు, ఏడు, పన్నెండుగా విడగొడతారు, ఆ మూడింట్లో గాలి, నీరు, నిప్పు మాత్రమే ఉంటాయి. గోల్డెన్ డాన్ వాళ్ళు ఆ విభజననే కార్డ్స్‌కి తెచ్చి పెట్టారు.

రాశుల వరస చాలా ఈజీ, కార్డ్ నంబర్లతో పాటే నడుస్తుంది. ఎంపరర్ మేషం, హైరోఫెంట్ వృషభం, లవర్స్ మిథునం, చారియట్ కర్కాటకం, స్ట్రెంగ్త్ సింహం, హెర్మిట్ కన్య, జస్టిస్ తుల, డెత్ వృశ్చికం, టెంపరెన్స్ ధనుస్సు, డెవిల్ మకరం, స్టార్ కుంభం, మూన్ మీనం. పాత ఫ్రెంచ్ డెక్స్‌లో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11 ఉంటాయి, ఆ నంబర్లతో చూస్తే సింహం, తుల వరస తప్పుతుంది కాబట్టి గోల్డెన్ డాన్ వాళ్ళు ఆ రెండూ తారుమారు చేశారు. మీ డెక్ ఏదైనా సరే, సింహం బొమ్మ ఉన్నది సింహరాశి, త్రాసు ఉన్నది తుల అని పెట్టుకుంటే గొడవే లేదు.

గ్రహాల దగ్గర మాత్రం కొత్తవాళ్ళు తికమక పడతారు. చంద్రుడు అనగానే మూన్ కార్డు అనుకుంటారు, కాదు, చంద్రుడి కార్డు హై ప్రీస్టెస్. మూన్ కార్డు మీనరాశిది, అందుకే అందులో అంత నీళ్ళు, అంత భ్రమ, దారి కనపడని రాత్రి. సన్ కార్డు రవే, దాంట్లో డౌట్ లేదు. మెజీషియన్ బుధుడు, ఎంప్రెస్ శుక్రుడు, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ గురుడు, టవర్ కుజుడు, వరల్డ్ శని. ఫూల్ వాయువు, హ్యాంగ్డ్ మ్యాన్ జలం, జడ్జిమెంట్ అగ్ని. ఈ మూడింటికీ ఇప్పటివాళ్ళు యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో కూడా ఇస్తున్నారు, వాడొచ్చు, కానీ మొదట్లో తత్వాలతోనే చదవమంటాను. రాహుకేతువులకి ఈ టేబుల్‌లో చోటు లేదు, నక్షత్రాలకీ లేదు, బలవంతంగా ఇరికించొద్దు.

వరల్డ్ శని అనేది నాకు ఈ మొత్తంలో చాలా ఇష్టమైన సంగతి. శని పేరు చెప్తేనే మనవాళ్ళు హడలిపోతారు, ఆ కార్డేమో పూర్తయిన పని, దండ మధ్యలో డాన్స్ చేస్తున్న మనిషి. కానీ ఆలోచించండి, టెలిస్కోపులు రాకముందు కంటికి కనపడే గ్రహాల్లో ఆఖరిది శని, అంటే అంచు, హద్దు. ఏ పనైనా పూర్తవ్వాలంటే దానికి ఒక హద్దు పడాలి, టైము పట్టాలి, ఓపిక ఉండాలి, ఆ మూడూ శని ఇచ్చేవే. ఇలా చదవడం మొదలుపెడితే కార్డు వల్ల గ్రహం, గ్రహం వల్ల కార్డు రెండూ లోతుగా అర్థమవుతాయి.

అసలు మజా మైనర్ ఆర్కానాలో, అంటే మిగతా 56 కార్డ్స్‌లో ఉంది. పేకముక్కల్లో లాగే ఇవి నాలుగు సూట్లు, అంటే నాలుగు రకాలు. వాండ్స్ అగ్ని, కప్స్ జలం, స్వోర్డ్స్ వాయువు, పెంటకిల్స్ భూమి. ఏస్‌లు ఆయా తత్వానికి బీజం లాంటివి, వాటికి రాశి లేదు. రెండు నుంచి పది వరకు తొమ్మిది కార్డ్స్, నాలుగు సూట్లు, మొత్తం 36. రాశికి 30 డిగ్రీలు, పదేసి డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేస్తే పన్నెండు రాశులకీ 36 ముక్కలు. ఒక్కో ముక్కకి ఒక్కో కార్డు. చర రాశులకి (మేషం, కర్కాటకం, తుల, మకరం) 2, 3, 4, స్థిర రాశులకి (వృషభం, సింహం, వృశ్చికం, కుంభం) 5, 6, 7, ద్విస్వభావ రాశులకి (మిథునం, కన్య, ధనుస్సు, మీనం) 8, 9, 10. అంటే సిక్స్ ఆఫ్ కప్స్ వచ్చిందనుకోండి, కప్స్ అంటే జలం, ఆరు అంటే స్థిరం, జలంలో స్థిర రాశి వృశ్చికం, మధ్య ముక్క. అంతే, టేబుల్ చూడక్కర్లేదు.

ఇప్పుడు ఏ ముక్కకి ఏ గ్రహం అనేది. మన జ్యోతిషం తెలిసినవాళ్ళు ఇక్కడ జాగ్రత్త, ఇది మన ద్రేక్కాణం (రాశిని మూడు భాగాలు చేసే పద్ధతి) లెక్క కాదు. మన దాంట్లో మేషం మూడో ద్రేక్కాణం గురుడిది, ఇక్కడ మేషం మూడో ముక్క శుక్రుడిది. ఇక్కడ వరస శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, మళ్ళీ శని. మేషం మొదటి ముక్క కుజుడితో మొదలుపెట్టి ఈ వరసలో తిప్పుకుంటూ పోవడమే. ఏడు గ్రహాలు అయిదు రౌండ్లు తిరిగితే 35, ఒకటి మిగులుతుంది కాబట్టి మీనం ఆఖరి ముక్క మళ్ళీ కుజుడికే వస్తుంది, అది టెన్ ఆఫ్ కప్స్.

దీన్ని పేపర్ మీద చదవకండి, నేల మీద పరిచి చూడండి. ఆ 36 కార్డ్స్ తీసి గుండ్రంగా పేర్చండి. టూ ఆఫ్ వాండ్స్‌తో మొదలు, త్రీ, ఫోర్, తర్వాత వృషభం కాబట్టి ఫైవ్, సిక్స్, సెవెన్ ఆఫ్ పెంటకిల్స్, తర్వాత మిథునం ఎయిట్, నైన్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, తర్వాత కర్కాటకం టూ ఆఫ్ కప్స్, ఇలా చుట్టూ తిరిగి వచ్చేదాకా. ఒక్కో కార్డు పెడుతూ గ్రహం, రాశి పైకి అనండి. కుజుడు మేషంలో, రవి మేషంలో, శుక్రుడు మేషంలో. వేడివేడి మేషంలో శుక్రుడు అనేసరికి ఫోర్ ఆఫ్ వాండ్స్‌లో పూలదండలు, సంబరం ఎందుకున్నాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొన్నాళ్ళు రోజూ ఈ చక్రం పరిస్తే చాలు.

ఒక కార్డు దగ్గరగా చూద్దాం. త్రీ ఆఫ్ స్వోర్డ్స్, గుండెలో మూడు కత్తులు, వెనకాల వాన. ఇది శని తులలో. తులలో శని ఉచ్చ, అంటే బాగా బలంగా ఉండే చోటు కదా, మరి ఇంత ఏడుపు కార్డు ఏంటి అని అడుగుతారు. నేను చదివే పద్ధతి ఇది, తుల అంటే ఇద్దరి మధ్య బంధం, ఒప్పందం, వాయుతత్వం అంటే మాట, నిజం. అక్కడ శని బలంగా ఉన్నాడంటే నిజాన్ని నిజంలా చూపించేస్తాడు, మొహమాటం ఉండదు. ఎన్నాళ్ళో దాచుకున్న విషయం బయటపడితే నొప్పే, కానీ అది అబద్ధం వల్ల వచ్చిన నొప్పి కాదు. ఒక మనిషి విడిపోవడం గురించి అడిగినప్పుడు ఈ కార్డు వస్తే ఏడుపు దగ్గరే ఆపకుండా, ఏం తేలింది, ఇప్పుడు ఏది న్యాయం అని కూడా మాట్లాడగలుగుతాం.

అన్ని కార్డులూ ఇలా అందంగా కుదరవు, అది కూడా తెలిసుండాలి. ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్ శుక్రుడు కుంభంలో, స్నేహంగా ఉండాల్సింది, కార్డులో చూస్తే గొడవ, ఓటమి. ఫైవ్ ఆఫ్ కప్స్ కుజుడు సొంత రాశి వృశ్చికంలో, అయినా ఒలికిపోయిన గిన్నెల ముందు నల్ల బట్టలో నిలబడ్డ మనిషి. ఇక్కడ నంబర్ గట్టిగా పనిచేస్తుంది, ఏ సూట్ అయినా అయిదు అంటే కుదుపు. కాబట్టి గ్రహం, రాశి, నంబర్ మూడూ కలిపి చూడండి, మూడూ కొట్టుకుంటుంటే బొమ్మ చెప్పేదానికే ఓటు వేయండి.

ఇప్పుడు మనవాళ్ళందరూ తడబడే చోటు. ఈ టారో లెక్క అంతా సాయన రాశులతో నడుస్తుంది, అంటే మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి మేషం. మన పంచాంగం నిరయనం, అక్కడ రవి మేషంలోకి వచ్చేది ఏప్రిల్ 14 దగ్గర. ఇప్పుడు తేడా దాదాపు 24 డిగ్రీలు, ఇంకా ముందు పుట్టినవాళ్ళకి కొంచెం తక్కువ. కాబట్టి మీ జాతకంలో ఉన్న రాశి తీసుకొచ్చి నేరుగా కార్డు చూడకండి. ఉదాహరణకి జాతకంలో చంద్రుడు మిథునం 20 డిగ్రీలు అనుకుందాం, 24 కలిపితే కర్కాటకం 14. అది రెండో ముక్క, బుధుడిది, కార్డు త్రీ ఆఫ్ కప్స్. ఆన్‌లైన్‌లో చార్ట్ వేసే చోట ట్రాపికల్ అని సెలెక్ట్ చేస్తే ఈ కూడికలు కూడా అక్కర్లేదు. దీనివల్ల మీ జాతకం తప్పైపోదు, రెండూ లెక్క మొదలుపెట్టే చోటు వేరు, అంతే. రెంటినీ కలిపి పులుసు చేయకుండా ఉంటే చాలు.

ఇలా రవికి, చంద్రుడికి, లగ్నానికి మూడు కార్డ్స్ తీసుకుని పక్కన పెట్టుకోండి, అవి మీ సొంత కార్డ్స్. ఒక ప్రశ్నకి జవాబు కోసం పరిచే కార్డ్స్‌ని స్ప్రెడ్ అంటారు. స్ప్రెడ్‌లో అవి వస్తే ఆ విషయం మీకు బాగా దగ్గరిదని చదవచ్చు. కోర్ట్ కార్డ్స్, అంటే ప్రతి సూట్‌లో ఉండే రాజు, రాణి లాంటి మనుషుల కార్డ్స్, వాటి గురించి ఒక్కో స్కూల్ ఒక్కోలా చెప్తుంది, వాటిని మొదట్లో తత్వంతో మాత్రమే చదవండి, క్వీన్ ఆఫ్ కప్స్ అంటే జలస్వభావం ఉన్న మనిషి, అక్కడితో ఆపేయండి.

ఇక స్ప్రెడ్‌లో వాడటం. ఉద్యోగం మారాలా అని అడిగితే మూడు కార్డ్స్ వచ్చాయి అనుకుందాం, త్రీ ఆఫ్ పెంటకిల్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్, ఎయిట్ ఆఫ్ వాండ్స్. మొదటిది కుజుడు మకరంలో, ఉచ్చ, అంటే చేతిలో పనితనం గట్టిగా ఉంది. రెండోది చంద్రుడు తులలో, మనసు అటూ ఇటూ, కళ్ళకి గంతలు. మూడోది బుధుడు ధనుస్సులో, కబురు, దూరం, వేగం. ఇప్పుడు పక్కపక్కన ఉన్న తత్వాలు చూడాలి. ఈ పద్ధతిలో అగ్నికి జలం పడదు, వాయువుకి భూమి పడదు, ఒకే తత్వం అయితే బలం పెరుగుతుంది, మిగతావి సర్దుకుపోతాయి. ఇక్కడ భూమి పక్కన వాయువు ఉంది, కాబట్టి ఇప్పుడున్న పనిలోని భద్రతే నిర్ణయాన్ని పట్టి లాగుతోంది, ఈ ఆలోచన వల్ల ఉన్న పని మీద కూడా శ్రద్ధ తగ్గుతోంది. వాయువు పక్కన అగ్ని స్నేహమే, కాబట్టి ఒక కబురో ఇంటర్వ్యూ కాలో వస్తే ఆ ఊగిసలాట తెగుతుంది. ఎప్పుడు అని అడిగితే, ఎయిట్ ఆఫ్ వాండ్స్ ధనుస్సు మొదటి ముక్క, నవంబర్ చివరి వారం నుంచి డిసెంబర్ మొదటి రోజుల దాకా, దాన్ని ఒక సూచనగా చెప్పండి, తేదీ ఖాయం చేసి మాత్రం చెప్పొద్దు, ఆ లోపు రెజ్యూమె రెడీగా పెట్టుకోమని చెప్పండి.